కాటా ఎవరి చేతిలో ఉంది?

పోయిన వేసవిలో నా కథ ఒకటి తన ముగింపును పోగొట్టుకుంది. కోసినవాడు సంపాదకుడు కాడు, సెన్సారువాడూ కాడు. ఎవరు కోశారో తేల్చుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది సామర్లకోట. రైల్లో పోయేవాళ్ళకు ఇది కాకినాడ బండి మారే జంక్షను. యాత్రికులకు కుమారారామ భీమేశ్వరుడి ఊరు. ఇక్కడ బతికేవాళ్ళకు మిల్లుల ఊరు. 1983లో ఒక బియ్యం మిల్లు జట్టు కూలీల మీద నేను రాసిన కథను ఒక చిన్న పత్రిక వేసింది. బస్తాల నెట్టు కూలి ఒక కూలివాడి కాలు పోతుంది. పరిహారం అడగడానికి వెళ్ళిన మేస్త్రీకీ మిల్లు గుమాస్తాకీ నడుమ నవ్వు పుట్టించే వాదన ఒకటి నడుస్తుంది. తరవాత కూలీలు మిల్లు అరుగు మీద చేరి, ఒక్క సీజనులో తమ వీపుల మీదుగా ఎన్ని బస్తాలు దాటాయో, ఆ బస్తాల మీద ఎవరికెంత మిగిలిందో లెక్క కట్టుకుంటారు. కథ ఆ లెక్కతో ముగుస్తుంది.

ఈ కథను నా పూర్వ విద్యార్థి ఒకడు తన యూట్యూబ్ ఛానెల్లో చదివాడు. వాడి తండ్రి మిల్లులో జట్టు కూలీ. డిగ్రీ అయ్యాక వాడు కాకినాడలో ఒక సెల్‌ఫోన్ల కొట్లో కొన్నాళ్ళు పనిచేసి మానేశాడు. ఇప్పుడు వీడియోల మీదే బతుకుతున్నాడు. గోదావరి యాసలో హాస్యం వాడి ప్రధాన సరుకు. అప్పుడప్పుడూ కథలు చదువుతాడు. నా కథను మంచి ఉచ్చారణతో, కూలీల మాటను కూలీల మాటగానే చదివాడు. సంతోషించాను. నాలుగు రోజుల తరవాత ఒక మిత్రుడికి వినిపిద్దామని మళ్ళీ పెట్టాను. గుమాస్తా మాటకు నవ్వు వచ్చేచోట కథ అయిపోయింది. అరుగూ లేదు, లెక్కా లేదు.

"ముగింపు ఏదిరా?" అన్నాను.

వాడు ఫోను తీసి ఒక గీత చూపించాడు. ఎడమ నుంచి కుడికి పోతూ మెల్లగా వాలి, ఒకచోట నిట్టనిలువుగా పడిపోయింది. "ఇక్కడిదాకా బానే ఉన్నారండి మాస్టారూ. లెక్కలు మొదలెట్టగానే ఎల్లిపోతన్నారండి. ఎల్లిపోతే తరవాత పెట్టే వీడియో కూడా అది ఎవరికీ చూపించదండి" అన్నాడు.

"అది" అన్నాడు. "వాళ్ళు" అనలేదు. నలభై ఏళ్ళలో నా కథలను కోసిన సంపాదకులతో పోట్లాడాను. కొందరితో మాటలు మానేశాను. మరి "అది"తో పోట్లాడడం ఎలా?

1

ఈ విషయంలో మన రచయితల మధ్య రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. మొదటిది తిరస్కారం. ఇదంతా చెత్త అనీ, యువకుల మతిపోగొట్టే మత్తుమందు అనీ, విమర్శకుడు పట్టించుకోదగింది కాదనీ దీని సారాంశం. రెండవది సంబరం. పత్రికాధిపతుల పెత్తనం పోయింది, కూలివాడి కొడుకు చేతికీ కెమెరా వచ్చింది, ఇంతకంటె ప్రజాస్వామ్యం ఏం కావాలని దీని వాదన.

మొదటి అభిప్రాయంతో నాకు పాత పరిచయం ఉంది. 1970లలో వారపత్రికల సీరియల్ నవలల మీద మేము ఇదే తీర్పు చెప్పాం. "వ్యాపార సాహిత్యం" అని ముద్ర కొట్టి పక్కన పెట్టాం. అయితే ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో కూర్చుని పరిశీలించినవాళ్ళం ఎందరం? ప్రతి ప్రకరణమూ ఉత్కంఠతోనే ఎందుకు ఆగుతుంది? పత్రిక అమ్మకానికీ దానిలో పడే ప్రకటనల ధరకూ సంబంధం ఏమిటి? ఆ సంబంధం పాత్రల కులాన్నీ, ఉద్యోగాన్నీ, ఇంటి సామాన్లనీ ఎలా నిర్ణయించింది? ఇవి అడగకుండా పాఠకుల అభిరుచి దిగజారిందని వాపోయాం. పాఠకులు మా మాట వినలేదు, వినవలసిన అవసరమూ వాళ్ళకు కనబడలేదు. ఇప్పుడు మళ్ళీ అదే తప్పు చేస్తే ఫలితం వేరుగా ఉండదు.

సంబరపడే మిత్రులకు ఒకటే జవాబు. గుమ్మం దగ్గర కాపలావాడు పోలేదు, కంటికి కనిపించడం మానేశాడు. నా కథ ముగింపు ఏమైందో చూశారు కదా!

కాబట్టి తిట్టడానికీ పొగడడానికీ ముందు ఒక మోటు ప్రశ్న వేసుకోవాలి. ఈ కుర్రవాడికి డబ్బు ఎవరు ఇస్తున్నారు, దేనికి ఇస్తున్నారు?

2

లెక్క ఇలా ఉంది. యూట్యూబ్ తన ప్రకటనల ఆదాయంలో వీడియోలు చేసేవాళ్ళకు వాటా ఇవ్వడం 2007లో మొదలుపెట్టింది. ఇవాళ ఆ వాటా అందాలంటే ఛానెల్‌కు కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానితోబాటు గడిచిన 12 నెలల్లో జనం 4,000 గంటలు చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ వచ్చి ఉండాలి. ఆ గడప దాటాక మామూలు వీడియోల మధ్య వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చేసినవాడికి, 45 శాతం సంస్థకి. షార్ట్స్ విషయంలో 2023 ఫిబ్రవరి నుంచి, సృష్టికర్తల పేర కేటాయించిన మొత్తంలో 45 శాతం మాత్రమే చేసినవాడిది. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా డబ్బు చేతికి రాదు.

గోదావరి డెల్టాలో పుట్టినవాడికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ఇది వాటా కౌలు. భూమి ఆసామిది. విత్తనం, ఎరువు, ఒళ్ళు, నిద్ర కౌలుదారువి. మా కుర్రవాడి కెమెరా వాడిదే, కరెంటు వాడిదే, నెట్ బిల్లు వాడిదే. షూటింగుకు వచ్చే స్నేహితులకు భోజనం వాడే పెడతాడు. పంట పోతే నష్టం వాడొక్కడిదే. ఒక వీడియోకు వారం రోజులు పడి, అది పండకపోతే ఆ వారానికి కూలి సున్న.

కాని పోలిక ఇక్కడితో ఆపితే కౌలుదారుకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. కౌలు రైతు తన పంటను కళ్ళారా చూసుకుంటాడు. కళ్ళంలో కొలుస్తాడు, మిల్లు దగ్గర కాటా ముందు నిలబడి చూస్తాడు. తేమ పేరు చెప్పి తరుగు తీస్తే నిలదీస్తాడు. తన పక్క పొలంవాడికి ఏ ధర పలికిందో వాడికి తెలుసు. చాలని చట్టాలే అయినా, సరిగా అమలుకాని చట్టాలే అయినా, ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒకటి, 2019లో ఒకటి కౌలు రైతుల పేరిట వచ్చాయి. వాటి వెనక దశాబ్దాల రైతు ఉద్యమం ఉంది. ఈ కొత్త కౌలులో పొలమూ, కళ్ళమూ, కాటా, లెక్కల పుస్తకమూ అన్నీ ఆసామి చేతిలోనే ఉన్నాయి. ఏ వీడియోను ఎవరికి చూపించాలో ఆసామి యంత్రం నిర్ణయిస్తుంది. ఎంతమంది చూశారో అదే లెక్కపెడుతుంది. అందులో ఎన్ని చెల్లవో అదే తరుగు తీస్తుంది. షరతులను ఆసామి మారుస్తాడు, కౌలుదారు ఒప్పుకుంటున్నానని ఒక మీట నొక్కుతాడు.

పొలమే మాయమైన సందర్భం కూడా ఉంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్ ఒకటి. ఆ నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. దాని మీద పేరు సంపాదించుకుని, పేరు మీద నాలుగు రూపాయలు సంపాదించుకోవడం మొదలుపెట్టిన తెలుగు పల్లెల కుర్రకారు ఒక్క రాత్రిలో తమ ప్రేక్షకులను పోగొట్టుకున్నారు. పరిహారం అడగడానికి వాళ్ళకు గుమాస్తా కూడా లేడు.

గడిచిన మూడేళ్ళలో భారతదేశంలోని సృష్టికర్తలకూ, కళాకారులకూ, మీడియా సంస్థలకూ కలిపి 21,000 కోట్ల రూపాయలకు పైగా ఇచ్చామని 2025 మేలో ముంబయిలో యూట్యూబ్ అధిపతి ప్రకటించాడు. పెద్ద మొత్తమే. పెద్ద మీడియా సంస్థకూ మా సామర్లకోట కుర్రవాడికీ కలిపి ఒకే అంకె చెప్పినప్పుడు, జమీందారు పంటా జీతగాడి గింజలూ ఒకే రాశిలో పోసి ఊరి దిగుబడి చెప్పినట్టు ఉంటుంది.

3

ఇప్పుడు "దేనికి ఇస్తున్నారు" అన్న ప్రశ్న. కథకు ఇస్తున్నారని మా కుర్రవాడు అనుకుంటున్నాడు. అది నిజం కాదు.

మిల్టన్ తన కావ్యాన్ని పట్టుపురుగు పట్టు తీసినట్టు తన స్వభావం కొద్దీ రాశాడనీ, ఆ తరవాతనే అయిదు పౌన్లకు అమ్ముకున్నాడనీ మార్క్స్ ఒకచోట వివరిస్తాడు. పాటను తనంత తాను అమ్ముకునే గాయనికీ, ఒక వ్యాపారి తన లాభం కోసం పాడించుకునే గాయనికీ ఉన్న తేడాను కూడా అక్కడే చూపిస్తాడు. పాట అదే అయినా సంబంధం వేరు. మన కుర్రవాడు ఈ ఇద్దరిలో ఏ గాయనికీ పూర్తిగా సరిపోడు. వాణ్ణి ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోలేదు. వాడు పాట అమ్మడమూ లేదు, ఎందుకంటే వినేవాడు పైసా ఇవ్వడం లేదు.

కెనడా అర్థశాస్త్రజ్ఞుడు డాలస్ స్మైత్ 1977లో రేడియో, టెలివిజన్ల గురించి రాస్తూ ఈ ముడి విప్పాడు. ప్రకటనల మీద నడిచే మాధ్యమంలో అమ్ముడుపోయే సరుకు కార్యక్రమం కాదు, ప్రేక్షకుడే అన్నాడు. కార్యక్రమం ప్రేక్షకుణ్ణి పోగుచేసే ఎర. పోగుచేసిన ప్రేక్షకుడి సమయాన్ని ప్రకటనదారుకు అమ్ముతారు. ఆనాటికి ఆ అమ్మకం గంపగుత్తగా జరిగేది. ఇవాళ మనిషి మనిషికీ విడివిడిగా, క్షణాల్లో జరిగిపోతున్నది.

అంచేతనే చూసే కన్నుకు ధర ఒకటి కాదు. అమెరికాలో ఉన్న ప్రేక్షకుడికి ప్రకటన చూపించడానికి వ్యాపారులు ఇచ్చే ధర ఎక్కువ, ఇక్కడివాడికి ఇచ్చేది బాగా తక్కువ. టెక్సాస్‌లో కూర్చున్న తెలుగువాడు పది నిమిషాలు చూస్తే వచ్చే డబ్బూ, తునిలో ఆటో తోలేవాడు పది నిమిషాలు చూస్తే వచ్చే డబ్బూ ఒకటి కావు. ఈ ఒక్క విషయం తెలిస్తే, మన డెల్టా మీద వచ్చే వీడియోలలో సగం ఎందుకు అలా ఉంటాయో అర్థమవుతుంది. కొబ్బరితోట, పూతరేకులు, పులస పులుసు, పెంకుటింటి అరుగు, పండక్కి వచ్చిన అల్లుడికి వంద రకాల వంటలు. ఇది ఊరు వదిలి వెళ్ళినవాడి జ్ఞాపకంలోని గోదావరి. ఇందులో మిల్లు లేదు, కౌలు లేదు, పేట లేదు. కోత కోసేవాళ్ళు కనిపించినా పచ్చటి చేలో రంగు చీరల లాగా దూరం నుంచి కనిపిస్తారు. దీనికి కారణం తీసేవాడి దుర్బుద్ధి అనుకుంటే పొరబాటు. వాడిలో చాలామందికి మిల్లూ, కౌలూ, పేటా మనకంటె బాగా తెలుసు. వాటికి పలికే ధర కూడా తెలుసు.

4

జనాన్ని కట్టిపడేసే ప్రయత్నమే తప్పని నేను అనడం లేదు. ఆ మాట అంటే మన జానపద కళలన్నిటినీ తప్పుపట్టవలసి వస్తుంది.

సామర్లకోట నుంచి కాకినాడ పోయే దారిలో మాధవపట్నం ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. రామాయణం, భారతం రాత్రంతా ఆడేవారు. అర్ధరాత్రి దాటి ప్రేక్షకులకు కునుకు పడుతున్న వేళకు తెర మీదికి కేతిగాడూ బంగారక్కా వచ్చేవారు. మోటు హాస్యం, కొంత బూతు, ఊళ్ళో పెద్దల మీద విసుర్లు. జనం లేచి కూర్చునేవారు. నిద్రపోయే ప్రేక్షకుణ్ణి లేపవలసిన అవసరం తోలుబొమ్మల కళాకారుడికీ ఉంది. వాడి దగ్గర గీత లేదు, చెవి ఉంది. నవ్వు తగ్గినా, ఆవులింత వినిపించినా వాడికి తెలుస్తుంది. ఆ ఆటను పోషించినవి ఊరి భూస్వామ్య సంబంధాలే. కళాకారుడికి దక్కింది గింజలూ పాత బట్టలూ. దానిని స్వర్ణయుగం అనవలసిన పని లేదు.

అయితే ఒక్క తేడా గుర్తించాలి. జనం లేచాక కేతిగాడు తెర దిగిపోయేవాడు. కథ మళ్ళీ అందుకునేది. కేతిగాడు వచ్చింది రావణవధ దాకా జనాన్ని మేలుకొలిపి ఉంచడానికి. ఇవాళ్టి చిన్నతెర మీద కేతిగాడు దిగడం లేదు. మొదటి అయిదు సెకన్లలో ఒక కేక, పదిహేనో సెకనుకు ఒక నవ్వు, నిమిషానికి ఒక మలుపు. జనం మేలుకునే ఉన్నారు, కథ మాత్రం మొదలుకాదు. ఎందుకంటే ప్రకటనదారు కొన్నది మేలుకుని ఉండే సమయాన్ని. ఆ మెలకువ దేనికన్నది అతనికి అక్కర్లేదు.

మన శిల్ప విమర్శ ఇక్కడ మొదలుకావాలి. నిడివి, ఎత్తుగడ, మలుపు, ముగింపు మొదలైనవి రచయిత స్వేచ్ఛగా ఎన్నుకునే అలంకారాలు కావు. డబ్బు వచ్చే పద్ధతి వాటిని లోపలి నుంచి తొలిచి తయారుచేస్తుంది. వారపత్రిక సీరియల్‌కు ప్రకరణాంత ఉత్కంఠ ఎలాగో, షార్ట్స్‌కు ముగింపు లేకపోవడం అలాగ. ముగింపు ఉంటే ప్రేక్షకుడు ఫోను కిందపెడతాడు.

5

పాత్రల విషయానికి వద్దాం. వాస్తవిక రచనలో ప్రాతినిధ్యం వహించే పాత్ర, ప్రాతినిధ్యం వహించే పరిస్థితులలో కనిపించాలని ఎంగెల్స్ 1888లో ఒక నవలా రచయిత్రికి రాసిన ఉత్తరం మనకందరికీ తెలుసు. గోదావరి యాస వీడియోలలో ఏం జరుగుతున్నదో ఈ గీటురాయితో చూడవచ్చు. పాత్రను ఉంచి పరిస్థితులను తీసివేస్తున్నారు. మిగిలేది అచ్చుబొమ్మ. వెటకారం, అతిమర్యాద, వాక్యానికి రెండుసార్లు "ఆయ్". ఉప్పాడ సముద్రం మీదికి పోయే జాలరి, రంపచోడవరం కొండల మీది రెడ్డి, అగ్రహారం ఆసామి, పేటలో పాలేరు ఒకే గోదావరి ప్రాంతంలో వేరు వేరు తెలుగులు మాట్లాడతారు. తెర మీద అందరిదీ ఒకటే యాస. మా కుర్రవాడు ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, కెమెరా ముందు మాట్లాడే తెలుగు వేరు. "ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే గోదారోళ్ళలాగా లేదంటారండి" అని వాడే చెప్పాడు. సొంత భాషను నకిలీ చేసి సొంత ఊళ్ళో కూర్చుని అమ్మవలసిన స్థితి అది.

ఇది తప్పనిసరి ఫలితమా? కాదని చెప్పడానికి మన కళ్ళముందే సాక్ష్యం ఉంది. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లె నుంచి 2012లో మొదలైన "మై విలేజ్ షో" ఆ ఊరి మనుషులనే పాత్రలుగా తీసుకుంది. కూలి చేసి, బీడీలు చుట్టి బతికిన గంగవ్వ తన మాటను ఎవరి కోసమూ సవరించుకోకుండా తెర మీదికి వచ్చింది. మన సినిమా ఎనభై ఏళ్ళకు పైగా ఆ వయసు, ఆ వర్గం స్త్రీకి ఇచ్చిన స్థానం ఏమిటో గుర్తుచేసుకుంటే ఇది చిన్న విషయం కాదు. అలాగే 2016లో మొదలైన "కంట్రీ ఫుడ్స్" ఛానెల్లో, నూరేళ్ళు దాటిందని చెప్పుకున్న మస్తానమ్మ ఆరుబయట పొయ్యి పెట్టి వండిన వంటను దేశదేశాల జనం చూశారు. 2018 డిసెంబరులో ఆమె పోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. శ్రామిక స్త్రీ చేతుల నైపుణ్యం అంత దగ్గరగా, అంత తీరుబడిగా కెమెరాకు ఎక్కడం నేను అంతకు మునుపు చూడలేదు. ఈ రెండింటినీ "వ్యాపారం" అని కొట్టిపారేసే విమర్శకుడు తన కళ్ళు తానే పొడుచుకుంటున్నాడు.

కాని మిగతా సగం కూడా చూడాలి. గంగవ్వను 2020లో టెలివిజన్ వాళ్ళు బిగ్‌బాస్ ఇంటికి తీసుకుపోయారు. ఊరి మనిషిని ఊళ్ళో నుంచి పెకలించి గాజు గదిలో పెడితే ఏమవుతుంది? ఆరోగ్యం దెబ్బతిని ఆమె మధ్యలోనే బయటికి వచ్చేసింది. తెర మీద ఆమె బలం లంబాడిపల్లెలో ఉంది, చుట్టూ ఉన్న మనుషులలో ఉంది. ఎంగెల్స్ చెప్పిన పరిస్థితులు ఇవే. అవి ఉన్నంతసేపూ పాత్ర బతికింది. వాటిని తీసేయగానే పేరున్న ముఖం మిగిలింది.

6

ప్రకటనల వాటా చాలని చోట రెండో ఆదాయం వస్తుంది. వాళ్ళ భాషలో ప్రమోషను. చీరల కొట్టు, వెంచరు, కోచింగు సెంటరు, యాపు, ఏదో ఒకదాన్ని వీడియో మధ్యలో పొగడాలి. డబ్బు పుచ్చుకుని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా తెలపాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ హైదరాబాదు పోలీసులు పలువురు తెలుగు యూట్యూబర్ల మీదా ఇన్‌ఫ్లూయెన్సర్ల మీదా కేసులు పెట్టారు. ఆ ఏడాది ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది.

ఆ చట్టానికి ముందు మా కుర్రవాడికి కూడా అటువంటి పిలుపు ఒకటి వచ్చింది. ముప్ఫై సెకన్ల మాటకు మూడు నెలల సంపాదన. ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదురా అంటే, "మా ఈదిలోనే నలుగురు ఆడతన్నారండి మాస్టారూ. రేప్పొద్దున్న మొకం చూపించాలి కదండీ" అన్నాడు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాణ్ణి నిలబెట్టింది సిద్ధాంతం కాదు. ముఖం చూపించవలసిన వీధి ఉండడం. తోలుబొమ్మలవాడికి తెర అవతల ఉన్న జనమే ఈ వీధి. కళాకారుడికీ ప్రేక్షకుడికీ మధ్య కంటితో చూసుకునే సంబంధం మిగిలి ఉన్నంతవరకు అతనిలో బాధ్యత మిగిలి ఉంటుంది. సంఖ్యగా మారిన ప్రేక్షకుడికి ముఖం చూపించవలసిన పని లేదు.

7

ఆ రోజు వాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, ఏమనుకోకండి. ఈ కథకి ఆ పత్రికవాళ్ళు మీకెంత ఇచ్చారండీ?"

ఏమీ ఇవ్వలేదు. ఆ పత్రిక నడిపినవాళ్ళే చేతి డబ్బు వేసుకుని నడిపారు. డబ్బు తీసుకోకుండా రాశామని మా తరం గర్వపడింది. ఆ గర్వానికి పెట్టుబడి ఎక్కడిదో మేము చెప్పుకోలేదు. నాకు ప్రతి నెలా జీతం వచ్చేది. ఇప్పుడు పెన్షను వస్తున్నది. నా కథకు ముగింపును నా ఇష్టం వచ్చినట్టు రాసుకునే స్వేచ్ఛను నాకు ఇచ్చింది ఆ ఉద్యోగం. వాడికి ఆ ఉద్యోగం లేదు. టీచరు పోస్టులకు వాడు రాసిన పరీక్షలు నాకు తెలుసు. జీతం ఉన్నవాడు జీతం లేనివాడికి నిస్వార్థ కళ గురించి ఉపన్యాసం ఇవ్వడం కంటె సులువైన పని లేదు. ఆ పని నేను చెయ్యదలచుకోలేదు.

ఇంటికి వచ్చి నా కథను మళ్ళీ చదివాను. ఒక నిజం ఒప్పుకోవాలి. ముగింపు బాగాలేదు. మేస్త్రీకీ గుమాస్తాకీ మధ్య వాదన దాకా కూలీలు కూలీల లాగా మాట్లాడారు. అరుగు ఎక్కగానే నాలాగా మాట్లాడడం మొదలుపెట్టారు. లెక్క కట్టింది వాళ్ళు కాదు, నేను. రెండు పేజీల పాఠం. 1983లో నా మిత్రులు ఆ ముగింపును మెచ్చుకున్నారు. ఎందుకంటే అందులో ఉన్న విషయం సరైనది. విషయం సరైనదైతే శిల్పాన్ని చూసీ చూడనట్టు పోవడం మాలో అప్పుడు అలవాటుగా ఉండేది.

అయితే గీత గెలిచినట్టేనా? కాదు. జనం ఎక్కడ వెళ్ళిపోయారో గీత చెబుతుంది. ఎందుకు వెళ్ళిపోయారో చెప్పదు. రచయిత పాఠం చెప్పడం మొదలుపెట్టినందుకు వెళ్ళిపోయినవాడూ, కూలి లెక్క వినడం ఇష్టం లేక వెళ్ళిపోయినవాడూ, బస్సు వచ్చి వెళ్ళిపోయినవాడూ దానికి ఒకటే. మూడింటికీ అది చెప్పే మందు కూడా ఒకటే, కోసెయ్యమని. మొదటివాడి కోసం ముగింపును తిరగరాయాలి. రెండవవాడు వెళ్ళిపోయినా సరే, ముగింపును ఉంచాలి. మూడవవాడి కోసం ఏమీ చెయ్యక్కర్లేదు. ఈ తేడా చూపించగలిగింది ఒక్క విమర్శే. యంత్రం చెయ్యలేని ఈ పనిని మనమూ చెయ్యకపోతే, ఆ కుర్రవాళ్ళకు గీత తప్ప వేరే సంపాదకుడు ఎక్కడ దొరుకుతాడు?

కాబట్టి నేను మన పత్రికలను కోరేది ఇది. కథల సంపుటాలను సమీక్షించినట్టే ఈ వీడియోలను సమీక్షించండి. గేలి చెయ్యడానికి కాకుండా, మెచ్చుకోలు పంచడానికీ కాకుండా, రచనలుగా తీసుకుని పరిశీలించండి. ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. దీనికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? ఆ డబ్బు దీని రూపాన్ని ఎక్కడ వంచింది? ఆ వంపుకు ఇది ఎక్కడైనా ఎదురు తిరిగిందా? మూడో ప్రశ్నకు జవాబు దొరికిన చోటును వేలుపెట్టి చూపించండి. దానితోబాటు, కాటా ముందు నిలబడే హక్కు కోసం ఈ కొత్త కౌలుదారులు ఎప్పుడు కూడగట్టుకున్నా వాళ్ళ పక్కన నిలబడండి. ఏ లెక్కన చూపిస్తున్నారో, ఏ లెక్కన తరుగు తీస్తున్నారో చెప్పమని అడగడం కౌలు రైతు అడిగినదానికంటె పెద్ద కోరికేమీ కాదు.

ఇక నా కథ. ముగింపును తిరగరాస్తున్నాను. ఈసారి లెక్కను మేస్త్రీయే కడతాడు, గుమాస్తాను ఆడించిన ఆ నాలుకతోనే. బస్తాల సంఖ్య మారదు, ఎవరికెంత మిగిలిందో అదీ మారదు. పూర్తి కథను మళ్ళీ చదువుతానని మా కుర్రవాడు మాట ఇచ్చాడు. "మళ్ళీ పడిపోతే కోసెయ్యనండి, కాని ఒకటి. ఎక్కడ పడిందో మీరు కూడా వచ్చి చూడాలండి మాస్టారూ" అని షరతు పెట్టాడు.

ఒప్పుకున్నాను. గీత పడితే ఎందుకు పడిందో ఇద్దరం కలిసి చూస్తాం.